బ్యాగు ఎవరు కొట్టేశారు: సర్రేలో ఒక పదహారేళ్ల కుర్రాడి కేసు

నేను కెనడాలో, వాంకూవర్‌కి దగ్గర్లో ఉన్న సర్రేలో పనిచేస్తాను. డ్రగ్ గ్యాంగుల అంచుదాకా వెళ్లిన హైస్కూలు పిల్లలతో నా పని. వాళ్లలో ఎక్కువమంది పంజాబీ సిక్కుల ఇళ్లవాళ్లు. నేనేమో గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ణి, పంజాబీ అర్థమవుతుంది గానీ మాట్లాడితే వాళ్ల నానమ్మలు నవ్వుతారు. ఈ కేసు రాయాలనిపించడానికి కారణం ఏంటంటే, ఇందులో అన్నిటికంటే పనికొచ్చినది మా ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పని వస్తువు. ఒక క్రైమ్ నవల. అది ఎలా పనికొచ్చిందో చెప్పాలంటే కేసు మొత్తం చెప్పాలి.

కుర్రాణ్ణి జీత్ అందాం. పేరు, వయసు, కుటుంబం వివరాలు, కొన్ని సంఘటనల వరస మార్చాను. ఏం రాయబోతున్నానో వాడికీ వాళ్లమ్మకీ ముందే చెప్పి, సరే అన్నాకే రాస్తున్నాను.

ఊరి సంగతి కొంచెం

గ్యాంగు అనగానే మనవాళ్ల కళ్ల ముందు ఒకటే బొమ్మ కనిపిస్తుంది: మురికివాడ, తండ్రి లేని ఇల్లు, తిండికి లేక దొంగతనాలు. సర్రేలో ఆ బొమ్మ కుదరదు. ఇక్కడ కాల్పుల్లో పోయిన దక్షిణాసియా కుర్రాళ్లలో చాలామంది సొంతిల్లు, రెండు మూడు కార్లు, కష్టపడే అమ్మానాన్నలు ఉన్నవాళ్లే. 1990ల మొదటి నుంచి చూసుకుంటే బ్రిటిష్ కొలంబియాలో అలా పోయినవాళ్లు వందమందికి పైనే. 1994లో రాన్, జిమ్మీ దోసాంజ్ అనే అన్నదమ్ములిద్దరూ వారాల తేడాతో హత్యకి గురయ్యారు. ఆ కేసులో నిందితుడైన గ్యాంగ్‌స్టర్ బిండీ జోహల్ 1995లో నిర్దోషిగా బయటికొచ్చాడు. 1998 డిసెంబరులో వాంకూవర్‌లో ఒక నైట్‌క్లబ్బు డాన్స్ ఫ్లోర్ మీద అతన్నీ కాల్చేశారు, అప్పటికి 27 ఏళ్లు. అతను పోయాక ఎన్నో ఏళ్లకి పుట్టినవాడు జీత్. అయినా వాడి ఫోన్లో జోహల్ టీవీలో మాట్లాడిన క్లిప్పు ఉంది, డైలాగుతో సహా నోటికొచ్చు.

2018 జూన్‌లో సర్రేలో 16, 17 ఏళ్ల పిల్లలిద్దరు కాల్పుల్లో చనిపోయినప్పుడు వేలమంది సిటీ హాల్ ముందుకొచ్చి నిలబడ్డారు. ఇలాంటిది జరిగినప్పుడల్లా ఊళ్లో ఒకటే ప్రశ్న: ఏం తక్కువైందని వీళ్లకి?

ఈ ప్రశ్నని నవలగా రాసినవాడు ఇదే ఊళ్లో పెరిగిన సిక్కు రచయిత రంజ్ ధాలివాల్. 2006లో ‘డాకూ’ వచ్చింది, 2011లో దాని తర్వాతి కథ. ఒక ఇండో కెనడియన్ కుర్రాడు గ్యాంగులోకి ఎలా వెళ్లాడన్నదే వస్తువు. రాసి ఊరుకోకుండా ఆయన దారి తప్పే వయసు పిల్లలతోనూ పనిచేశాడు, గురుద్వారా తరఫున పదిమంది ముందుకొచ్చి మాట్లాడాడు. ఆయనతో నాకు పరిచయం లేదు, ఈ కేసుతో ఆయనకి ఏ సంబంధమూ లేదు. పుస్తకం మాత్రం నా బ్యాగులో ఉండేది, అదీ పిల్లల కోసం కాదు, వాళ్ల మాట తీరు నాకు అర్థం కావడానికి.

స్కూలు కాగితంలో ఉన్నది

“కోపం ఎక్కువ. గ్యాంగు సంబంధాలపై అనుమానం. యాంగర్ మేనేజ్‌మెంట్ అవసరం.” పదో క్లాసు. కారిడార్‌లో ఇంకో కుర్రాణ్ణి ముక్కు పగిలేలా కొట్టి సస్పెండ్ అయ్యాడు. జనవరి నుంచి మార్కులు పడిపోయాయి. ఖరీదైన జాకెట్ వేసుకొస్తున్నాడు. బ్యాగులో రెండు ఫోన్లు.

ఇంటి విషయానికొస్తే, తండ్రి లాంగ్ హాల్ ట్రక్కు డ్రైవరు, కాల్గరీ దాటి విన్నిపెగ్ దాకా పోతాడు, నెలలో ఇంట్లో ఉండేది కొద్ది రోజులే. తల్లి ఎయిర్‌పోర్టు క్యాటరింగ్ కిచెన్‌లో నైట్ షిఫ్టు. ఇంట్లో నానమ్మ, అందరూ బీజీ అంటారు, తర్వాత ఒక తమ్ముడు. బేస్‌మెంట్ అద్దెకిచ్చారు. పెద్ద ఇల్లు, పెద్ద ఇంటి లోను.

మొదటిసారి కలిసినప్పుడు జీత్ రెండు ఫోన్లూ బల్ల మీద బోర్లా పెట్టాడు. ఒకటి కొత్త ఐఫోను. ఇంకోటి అంచులు అరిగిన పాత ఆండ్రాయిడ్. పాతది ఆగకుండా వణుకుతోంది. వాడు ఫోను వైపు చూడట్లేదు, గోడ గడియారం వైపు చూస్తున్నాడు.

యాంగర్ మేనేజ్‌మెంట్ సంగతి నేను పక్కన పెట్టింది అక్కడే. ఇక్కడి వ్యాపారాన్ని డయల్ ఎ డోప్ అంటారు, పిజ్జాలాగే ఫోన్ చేస్తే సరుకు కారులో వస్తుంది. అందులో అసలు ఆస్తి ఆ ఫోను నంబరే, కస్టమర్లంతా దాని మీదే ఉంటారు. కాబట్టి ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటే వాడు షిఫ్టులో ఉన్నట్టు. పాత ఫోను జీత్‌ది కాదు, వాడు దాని కాపలాదారు. అంటే వీడు గ్యాంగు వీడియోలు చూసి మురిసిపోయే దశ దాటి, పనిలోకి దిగిపోయాడు. పనిలోకి దిగినవాడు ఊరికే కొట్టుకోడు, దాని వెనక డబ్బో పరువో ఉంటుంది.

అయినా ఫోను గురించి అడగలేదు. అడిగితే అబద్ధం చెప్తాడు, ఒకసారి నాతో అబద్ధమాడాక దాన్ని నిలబెట్టుకోడానికి ప్రతిసారీ ఇంకోటి ఆడాలి, ఇక మా మధ్య నడిచేదంతా ఆ మొదటి అబద్ధం మీదే కట్టిన మేడ అవుతుంది. బదులుగా నా హద్దులేంటో చెప్పాను: ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే, ఆయుధం మాట వస్తే, నీకు రక్షణ లేదనిపిస్తే నేను పైకి చెప్పి తీరాలి. మిగతాది మన మధ్యే. పేర్లు మాత్రం నాకు చెప్పకు.

వాడు కాసేపు ఆలోచించి, “నోట్స్ రాస్తారా భాజీ? కోర్టు అడిగితే ఇవ్వాలా?” అన్నాడు. (భాజీ అంటే పంజాబీలో అన్నయ్య.)

పదహారేళ్ల పిల్లాడి నోట్లోంచి రావాల్సిన ప్రశ్న కాదది. అవును, అడిగితే ఇవ్వాల్సి రావచ్చు అని చెప్పి, ఆ రోజు రాసుకున్న నాలుగు లైన్లూ వాడి వైపు తిప్పి చూపించాను. చదివి తల ఊపాడు.

అందరూ చేసేవి ముందు చేశాం

స్కూలు వాళ్ల ప్లాను ప్రకారం మొదట ఒక ప్రెజెంటేషను. రిటైరైన ఒక అధికారి వచ్చి స్లైడ్లు వేశాడు, బుల్లెట్లు తగిలిన కార్లు, మార్చురీ, ఏడుస్తున్న తల్లులు. జీత్ వెనక వరసలో కూర్చుని శ్రద్ధగానే విన్నాడు, చివర్లో ఆ కారు ఏ మోడలని పక్కవాణ్ణి అడిగాడు. భయపెట్టే పద్ధతి చరిత్ర చూస్తే ఇందులో వింతేం లేదు. 1970లలో న్యూజెర్సీలోని రాహ్వే జైల్లో ఖైదీల చేత పిల్లల్ని బెదిరించే స్కేర్డ్ స్ట్రెయిట్ మొదలైంది, దాని మీద డాక్యుమెంటరీ వచ్చాక అమెరికా అంతా పాకింది. తర్వాత ఇలాంటి ప్రోగ్రాములని శాస్త్రీయంగా పోల్చి చూస్తే, వెళ్లని పిల్లలకంటే వెళ్లిన పిల్లలే ఎక్కువ నేరాలు చేశారని తేలింది. ఆలోచిస్తే సబబే. ‘చచ్చిపోతావు’ అన్నమాట పదహారేళ్లవాడికి బెదిరింపులా వినిపించదు, సవాలులా వినిపిస్తుంది.

తర్వాత గ్రూపు. ఇలాంటి కుర్రాళ్లని వారానికోసారి ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం. దీని మీదా పాత హెచ్చరికే ఉంది, డిషన్, మెకార్డ్, పౌలిన్ అని ముగ్గురు 1999లో రాశారు, దారి తప్పిన పిల్లల్ని ఒక గదిలో పెడితే ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుంటారని. నేను ఆ మాట మీటింగులో ఎత్తాను, కానీ బడ్జెట్ గ్రూపుకే వచ్చింది కాబట్టి గ్రూపే నడిచింది. మాకు తెలిసేలోపు వాళ్లంతా స్నాప్‌చాట్‌లో కలిసిపోయారు. గ్రూపులో ఇంకో కుర్రాడు జీత్ వాళ్ల ‘లైన్’లోనే, అంటే ఆ ఫోను వ్యాపారంలోనే, చేరబోతున్నాడని విన్నాక జీత్‌ని బయటికి తీయించాను.

ఆటలు కూడా చూశాం. సాకర్‌లో పెట్టాం, బాగానే ఆడాడు. కానీ ప్రాక్టీసు సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు. వాడి సమస్య నాలుగున్నరకి లేదు, రాత్రిళ్లు ఉంది. ఆట ముగించుకుని, స్నానం చేసి, హాయిగా షిఫ్టుకి పోయేవాడు.

ఇక తండ్రి ఆలోచన: పంజాబ్ పంపించేద్దాం, ఊళ్లో చిన్నాన్న దగ్గర ఉంచుదాం. ఈ మాట వినని పంజాబీ ఇల్లు ఇక్కడ లేదు. (మన తెలుగు ఇళ్లలోనూ విన్నాను, ఊరి పేరు ఒక్కటే మారుతుంది.) నేను వద్దనలేదు, ఒకటే అడిగాను: “వెళ్లేముందు వాడు ఇక్కడ ఎవరికైనా బాకీ ఉన్నాడా? ఉంటే వాళ్లు వాడి కోసం ఈ ఇంటికే వస్తారు కదా, అప్పుడు తలుపు తీసేది ఎవరు?” తీసేది బీజీ. ఆయన మాట్లాడలేదు. బాకీ సంగతి అప్పటికి నాకూ తెలియదు, ఈ వ్యాపారం నడిచే తీరుని బట్టి అడిగానంతే.

మార్పు మీద మాట్లాడేటప్పుడు మేం వాడే ప్రశ్న ఒకటుంది, మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతిలోది. “బయటికి రావాలని ఎంత ఉంది? సున్నా నుంచి పదిలో చెప్పు.” జీత్ మూడన్నాడు. ఎవరైనా సరే, పది ఎందుకు కాదు అని అడగబోతారు. అలా అడిగితే వాడు గ్యాంగు తరఫున వాదిస్తాడు. “ఒకటి ఎందుకు కాదు?” అని అడగాలి, అప్పుడు తన తరఫున తనే వాదించుకోవాలి.

“బీజీ పొద్దున్నే మూడింటికి పాఠ్‌కి లేస్తుంది,” అన్నాడు. పాఠ్ అంటే సిక్కుల ప్రార్థన చదువుకోవడం. “ఒక్కోసారి నేను వచ్చేసరికి లేచే ఉంటుంది. ఏం అడగదు. చాయ్ పెట్టి ఇస్తుంది.”

పుస్తకం

నా బ్యాగులోంచి నవల బయటికి కనబడితే వాడే లాగి చూశాడు. అట్ట తిప్పి, “ఇవన్నీ ఫేకు భాజీ, అసలు ఇలా జరగదు” అన్నాడు. అప్పటిదాకా గ్యాంగు గురించి ఒక్క మాట మాట్లాడనివాడు, ‘అసలు’ ఎలా జరుగుతుందో తనకి తెలుసని ఒప్పేసుకున్నాడు. ఆ సంగతి ఎత్తిచూపితే మళ్లీ మూసుకుపోతాడు. “అయితే తప్పులు పట్టు” అని ఇచ్చేశాను.

ఇవ్వడానికి ముందు వాళ్లమ్మని అడిగాను. బూతులు, హింస ఉన్న పుస్తకం, మైనరు చేతిలో పెడుతున్నాను, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే ఆవిడకి కొత్త విషయం కాకూడదు. ఆవిడ నిట్టూర్చి, “వాడు పుస్తకం చదివి ఎన్నేళ్లయిందో, ఏదైనా చదవనివ్వండి” అంది.

నేను పెట్టుకున్న ఆశ వేరు. తనలాంటి కుర్రాడి కథ చదివి తన గురించి ఆలోచిస్తాడనుకున్నాను. వాడు చదివింది ఆడిటర్‌లాగా. పుస్తకం నిండా పచ్చ స్టికీ నోట్లు అంటించుకొచ్చాడు. వాడి ఫిర్యాదు ఈ ఒక్క పుస్తకం మీదే కాదు, గ్యాంగు కథలన్నిటి మీదా, సినిమాల మీదా, పాటల మీదా. పెట్రోలు ఎవరు పోయించారో ఎవరూ చెప్పరు. కారులో గంటలకొద్దీ ఊరికే కూర్చోవడం ఎవరూ చూపించరు. ఆకలేస్తే ఎవరి డబ్బుతో తిన్నారో రాయరు.

“అయితే నువ్వు రాయి” అన్నాను. రెండు షరతులు పెట్టాను. కథ అయి ఉండాలి, అందులో నిజమైన పేరు గానీ వీధి గానీ కారు రంగు గానీ ఉండకూడదు. ఆ కాగితం ఎవరి చేతిలోనైనా పడితే వాడి ప్రాణం మీదికి రావచ్చు, పోలీసుల చేతికి వస్తే సాక్ష్యం కావచ్చు. కల్పన అయితే వాడూ నేనూ ఇద్దరం ధైర్యంగా మాట్లాడుకోవచ్చు, ‘వాడు’ ఏం చేశాడు అని. ‘నువ్వు’ ఏం చేశావు అని కాకుండా. ఈ పద్ధతి మా పనిలో కొత్తదేం కాదు. కాకపోతే క్రైమ్ కథకి ఇంకో గుణం ఉంది, అది నేను ముందు ఊహించలేదు, కాసేపట్లో దానికొస్తాను.

ముందు వాడు రాసింది ఒక రాత్రి లెక్క. నోటుబుక్కులో గళ్లు గీసి, తన హీరో సంపాదన రాశాడు. సాయంత్రం ఆరు నుంచి రెండు దాకా, ఎనిమిది గంటలు. చేతికిచ్చేది 150 డాలర్లు. పెట్రోలు వాటా 40. తిండి 25. మిగిలింది 85. ఎనిమిదితో భాగించి, గంటకి పది డాలర్ల అరవై రెండు సెంట్లు అని కింద రెండు గీతలు గీశాడు. ఇక్కడ కనీస వేతనం 2024 జూన్‌లోనే 17.40 డాలర్లు అయింది. ఆ అంకె నేను చెప్పలేదు. టిమ్ హార్టన్స్ అనే కాఫీ షాపులో పనిచేసే వాళ్ల కజిన్ జీతం వాడికి తెలుసు. కాసేపు నోటుబుక్కు చూసి, “ఆ పిల్ల బాగా సంపాదిస్తోందే” అన్నాడు.

చికాగోలో ఒక గ్యాంగు ఖాతాలు చూసి స్టీవెన్ లెవిట్, సుధీర్ వెంకటేశ్ 2000లో రాసిన పేపర్లోనూ ఇంచుమించు ఇదే ఉంది, వీధిలో నిలబడేవాడికి గిట్టేది కనీస వేతనం అటూఇటూ అని. అది నేను ముందే చెప్పి ఉంటే లెక్చర్ అయ్యేది.

బ్యాగు

కథ ముందుకి సాగాలి కదా. హీరో దగ్గర ఒక బ్యాగు ఉంటుంది, పైవాళ్లు అప్పు మీద ఇచ్చిన సరుకు, అమ్మాక డబ్బు కట్టాలి. ఒక రాత్రి ఇద్దరు ముసుగువాళ్లు వచ్చి అది లాక్కుపోతారు. హీరో 2,400 డాలర్లు బాకీ పడతాడు. ఇది విన్నప్పుడు స్కూల్లో ముక్కు ఎందుకు పగిలిందో అర్థమైంది. ఆ కుర్రాడు పదిమందిలో, “బ్యాగు పోగొట్టుకున్న బకరా” అని వెక్కిరించాడట. అదీ కథలోనే చెప్పాడు, హీరోకి జరిగినట్టు.

నేను మామూలు పాఠకుడు అడిగే ప్రశ్నే అడిగాను. “బ్యాగు కొట్టేసింది ఎవరు?”

“తెలీదు.”

“హీరోకి తెలీకపోవచ్చు. రాసేవాడికి తెలియాలిగా? లేకపోతే చివర్లో ఎవర్ని పట్టిస్తావ్?”

వాడు పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం వైపే చూశాడు. ఆ రాత్రి ఆ సమయానికి హీరో ఆ పార్కింగ్ లాట్‌లో ఉంటాడని ఎవరెవరికి తెలుసో వరసగా రాయడం మొదలుపెట్టాడు. కస్టమర్లకి తెలీదు. స్కూలు ఫ్రెండ్సుకి తెలీదు. ఒక్కో పేరూ, అంటే కథలోని పేరే, రాసి కొట్టేస్తూ వచ్చాడు. చివరికి రెండు మిగిలాయి. ఇద్దరూ వాణ్ణి పనిలో పెట్టుకున్నవాళ్లే, జాకెట్ కొనిపెట్టినవాళ్లే.

తమ సరుకు తామే కొట్టేయించి ఆ అప్పు పిల్లాడి నెత్తిన వేయడం ఈ వ్యాపారంలో పాత ఎత్తు. అప్పు ఉన్నవాడు ఎదురు చెప్పలేడు, మానేయలేడు, జీతం లేకుండా పనిచేస్తాడు. ఈ మాట ప్రెజెంటేషన్లలో చెప్తూనే ఉంటారు. విన్న ప్రతి కుర్రాడూ తనవాళ్లు అలాంటివాళ్లు కాదనుకుంటాడు. క్రైమ్ కథ రాయాలంటే మాత్రం దొంగని పట్టుకోక తప్పదు.

ఇక్కడే కేసు ప్రమాదంలో పడింది కూడా. జీత్ మొహంలో మొదట అవమానం కనబడింది, వెంటనే ఇంకేదో. “నా హీరో వాళ్లని ఊరుకోడు” అన్నాడు. ఎలా అని అడిగితే కథలో ఎక్కడా లేని వివరంతో చెప్పాడు, ఎవరి దగ్గర ఏం దొరుకుతుందో. కల్పన అనే తెర అక్కడికి చాలు. మొదటి రోజు చెప్పిన హద్దు గుర్తుచేసి, ఇప్పుడు వాళ్లమ్మకీ, గ్యాంగుల్లోంచి బయటికి తెచ్చే పని చేసే పోలీసు విభాగానికీ చెప్తున్నానని వాడి ముందే ఫోన్ తీశాను. నమ్మకం పోతుందని తెలుసు. కానీ పోయిన నమ్మకాన్ని మళ్లీ కట్టుకోవచ్చు, ఆ వారాంతం వాడు తుపాకీ కోసం వెళ్తే మళ్లీ కట్టేదేం ఉండదు. వాడి వెనక వెళ్లి చెప్పి ఉంటే అది వేరే రకం మోసం, అందుకే ఎదురుగానే.

పంజాబీలో నాకు అర్థమయ్యే మాటలన్నీ తిట్టి వెళ్లిపోయాడు. చాలా రోజులు కనబడలేదు. ఒకరోజు బీజీ ఫోన్ చేసింది, “పుత్తర్, వాడు అన్నం సరిగ్గా తినట్లేదు, నువ్వు రా.” వెళ్లాను. వాడు గదిలోంచి బయటికి రాలేదు గానీ తలుపు తీసే ఉంచాడు, నేను బీజీతో మాట్లాడేదంతా వినబడేలా.

అప్పు కట్టేద్దామని వాళ్లమ్మ నగల పెట్టె తీసింది. ఇలాంటప్పుడు కట్టండనీ వద్దనీ నేను చెప్పను, అది నా పని కాదు. పోలీసు విభాగం నుంచి వచ్చినావిడ రెండు వైపులా వివరంగా చెప్పింది: కడితే ఈ ఇల్లు డబ్బిచ్చే ఇల్లని తెలిసిపోతుంది, ఇంకో బ్యాగు పోవచ్చు. కట్టకపోతే కొంతకాలం ముప్పు ఉంటుంది, దానికి ఏర్పాట్లు కావాలి. కుటుంబం కట్టకూడదనే నిర్ణయించుకుంది. జీత్ వేసవంతా చాలా గంటల దూరంలో ఉన్న పిన్ని ఇంట్లో ఉన్నాడు. పాత ఫోను ఏమైందో, ఇంటి దగ్గర ఏ ఏర్పాట్లు జరిగాయో ఇక్కడ రాయను. ఒకసారి ఒక కారు వచ్చి ఇంటి ముందు ఆగింది, అంతవరకే. ఆ తర్వాత ఆ ఇద్దర్లో ఒకడు వేరే కేసులో అరెస్టయ్యాడు. అప్పు సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పది నుంచి మూడు

సెప్టెంబరులో వాడు తిరిగొచ్చే ముందు తండ్రితో కూర్చున్నాను. “నేను రోడ్ల మీద పడి చస్తోంది వాడి కోసమే కదా జీ” అన్నాడాయన. నిజమే, దానితో వాదించేదేముంది. ఒక కాగితం మీద ఇరవైనాలుగు గంటలూ నిలువుగా రాసి, ఏ గంటకి ఇంట్లో ఎవరు మెలకువగా ఉంటారో నింపమన్నాను. ఆయనే నింపాడు, ట్రక్కు లాగ్‌బుక్ రాసే మనిషి కదా, చకచకా రాసేశాడు. రాత్రి పది నుంచి మూడు దాకా గళ్లు ఖాళీ. దాన్ని చూసి ఆయన అడిగింది ఒకటే, దగ్గర్లోని డెల్టాపోర్ట్ రేవు నుంచి కంటైనర్లు లాగే లోకల్ పనికి మారితే ఎంత తగ్గుతుందని. బాగానే తగ్గుతుంది. ఇంటి లోను వల్ల కొన్ని నెలలు ఇంట్లో గొడవలు కూడా అయ్యాయి. అయినా మారాడు, తల్లి కూడా పగలు షిఫ్టు అడిగి తెచ్చుకుంది. ఈ కేసులో ఎవరికైనా మార్కులు వేయాలంటే నేను ఈ ఇద్దరికే వేస్తాను. ఇలా మారలేని ఇళ్లు చాలా ఉన్నాయి, అక్కడ ఏం చేయాలో నా దగ్గర ఇంత సులువైన జవాబు లేదు.

శుక్ర, శని రాత్రులు మిగిలాయి. బీజీ వాణ్ణి గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం వండిపెట్టే లంగర్ కిచెన్‌కి లాక్కెళ్లింది. సేవ చేస్తే బుద్ధి మారుతుందని ఆవిడ నమ్మకం. నేను చూసింది ఇంకోటి. ఆ కిచెన్‌లో రొట్టెల మెషీన్ ఒకటి ఉంది, పిండి ఉండలు ఒకవైపు వేస్తే బెల్టు మీద కాలి ఇంకోవైపు పడతాయి. అది మాటిమాటికీ ఇరుక్కుంటుంది. అందరూ కర్రతో పొడుస్తుంటే జీత్ కింద దూరి, బెల్టు ఒకపక్కకి లాగుతోందని కనిపెట్టి, రోలర్ బోల్టు సగం తిప్పు తిప్పి సరిచేశాడు. అప్పట్నుంచి మెషీన్ ఆగితే పెద్దవాళ్లు వాడి కోసమే చూస్తారు. ముప్పై, నలభై ఏళ్ల మగవాళ్లు, ట్రక్కులు తోలేవాళ్లు, ప్లంబర్లు, వాడి పక్కన నిలబడి గిన్నెలు తోముతారు, మార్కుల గురించి అడగరు. ఆ పాత ఇద్దరూ వాడికి ఇచ్చిందీ ఒకరకంగా ఇదే, నువ్వు పనికొస్తావ్ అన్న మాట.

దాన్ని పట్టుకునే స్కూల్లో యూత్ ట్రెయిన్ ఇన్ ట్రేడ్స్ కింద డీజిల్ మెకానిక్ వైపు చేర్పించాం. హైస్కూల్లో ఉండగానే ట్రేడ్ శిక్షణ మొదటి మెట్టు పూర్తవుతుంది.

ఏది పనిచేసింది

నన్ను అడిగితే, ముందు ఇల్లు, తర్వాత పుస్తకం, తర్వాత మెషీన్. అరెస్టు మాత్రం అదృష్టం. ఆ ఇద్దర్లో ఒకడు లోపలికి వెళ్లకపోయి ఉంటే ఈ కేసు ఇంకోలా రాసేవాణ్ణేమో, దీన్ని మోడల్‌గా చూపించమని అడిగినవాళ్లకి ఈ మాటే ముందు చెప్తాను.

నవల విషయంలో కూడా జాగ్రత్త. అదే పుస్తకం ఇంకో కుర్రాడికి ఇచ్చాను, హీరోని చూసి మురిసిపోయాడు, వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు ఇచ్చే ముందు చూసేది ఒకటే, కుర్రాడికి ఆ లోకం మీద ఇప్పటికే ఫిర్యాదు ఉందా లేదా. జీత్‌కి ఉంది. ఎవరూ పెట్రోలు సంగతి రాయట్లేదని కోపం ఉన్నవాడు సగం బయటికి వచ్చేసినట్టే. ఇంకా కార్లే కనబడేవాడికి పుస్తకం కూడా ఇంకో కారే.

ఇంకొకటి, ఇది ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు ఎక్కువగా అడుగుతుంటారు కాబట్టి. మావాడి ఫ్రెండ్సు ఎవరో ఎలా తెలుసుకోవాలి అని. ఫ్రెండ్సు పేర్లు అడిగితే పిల్లలు మంచి పేర్లే చెప్తారు. నేనైతే మూడు చూస్తాను: మీరు కొనని వస్తువు ఇంట్లో ఉందా, ఫోను రెండోది ఉందా, ఇంట్లో అందరూ నిద్రపోయే గంట ఏది. డబ్బు ఉండటం కంటే, ఉన్నట్టుండి డబ్బు కోసం టెన్షన్ పడటం పెద్ద సూచన. సరదాగా ఉన్నవాడు అకస్మాత్తుగా నగలు, క్యాష్ గురించి అడిగితే, ఆ పిల్లాడు సంపాదించడం ఆగిపోయి బాకీ పడటం మొదలైందేమో చూడాలి.

జీత్ ఇప్పుడు పన్నెండో క్లాసు. మధ్యలో ఒకసారి పాత స్నేహితుడి కారులో కనబడ్డాడు, వాడే వచ్చి చెప్పాడు, ఎందుకెక్కాడో కూడా. కథ పూర్తి చేయలేదు, బ్యాగు దగ్గరే ఆగిపోయింది, పూర్తి చేయమని నేనూ అడగలేదు. తమ్ముడు మాత్రం ఈ ఏడాది ఎనిమిదో క్లాసుకొచ్చాడు, సర్రేలో హైస్కూలు అక్కడే మొదలవుతుంది. తండ్రి వాడి కోసం గంటల కాగితం మళ్లీ గీసి నాకు పంపాడు, ఈసారి సాయంత్రం మూడు నుంచి ఐదు దాకా ఖాళీ ఉంది, వచ్చే వారం కూర్చుంటున్నాం.